నూటికి 34: అధిష్ఠానవర్గం మీద తెలుగు ఓటరు అసంతృప్తి

(ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

సభకు నమస్కారం. చోటు చాలక వెనుక నిలబడి వింటున్న విద్యార్థులు ముందుకు వచ్చి కింద కూర్చోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

అధిష్ఠానవర్గం, అంటే పార్టీని ఢిల్లీ నుంచి నడిపే పెద్దలు, వారి మీద తెలుగు ఓటరు అసంతృప్తి గురించి ఈ సాయంకాలం మాట్లాడతాను. కొన్ని అంకెలతో మొదలుపెడతాను. రాసుకోదలచినవారు రాసుకోండి, ఎందుకంటే చివరిదాకా వీటి దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తాను. 1978 శాసనసభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా కాంగ్రెస్‌కు పోలైన ఓట్లలో సుమారు 39 శాతం వచ్చాయి. 294 స్థానాల సభలో 175 స్థానాలు గెలిచింది. అయిదేళ్ల తరువాత, 1983 జనవరిలో, అదే పార్టీకి సుమారు 34 శాతం ఓట్లు, 60 స్థానాలు వచ్చాయి. ఇప్పుడు ఆలోచించండి. నికరంగా తగ్గిన ఓటు నూటికి ఆరు కూడా లేదు. పోయిన స్థానాలు 115. ఒక పార్టీ మీద ప్రజల ఆగ్రహం కట్టలు తెంచుకుందని మనం ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న ఆ ఎన్నికలో, ఆ పార్టీ పోగొట్టుకున్న ఓటు అంత తక్కువ అయితే, ఆ ఆగ్రహం ఎక్కడ ఉన్నట్టు? అది ఆ ఏడాదే పుట్టిందా, లేక ముందునుంచే ఉండి మన కళ్లకు కనబడలేదా?

జవాబు 1978 ఫలితాల్లోనే ఉంది. ఆ ఏడాది జనతా పార్టీకి సుమారు 29 శాతం ఓట్లు, బ్రహ్మానందరెడ్డి గారి పేరుతో రెడ్డి కాంగ్రెస్ అని పిలిచిన పాత కాంగ్రెస్‌కు సుమారు 17 శాతం ఓట్లు వచ్చాయి. రెండూ కలిపితే 46. అంటే 175 స్థానాలతో గద్దె ఎక్కిన రోజునే, గెలిచిన పార్టీకి వచ్చినవాటి కంటే ఎక్కువ ఓట్లు ఆ రెండు పార్టీల మధ్య చీలిపోయి ఉన్నాయి. 1983లో తెలుగుదేశానికి 45 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. ఈ 46 మందే ఆ 45 మంది అని నేను అనడం లేదు, అలా అంటే తప్పు చెప్పినవాణ్ణవుతాను. మధ్యలో కొత్త ఓటర్లు వచ్చారు, ఇటువారు అటు వెళ్లారు, అటువారు ఇటు వచ్చారు. నేను చెప్పేది ఇంతే: అసంతృప్తికి చేరడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు లేనన్నాళ్లు అది నాలుగు దిక్కులా చెదిరి ఉంటుంది, పార్టీ పెద్దలు తమ స్థానాల సంఖ్య చూసుకుని జనం తమ వెంటే ఉన్నారని నమ్ముతారు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి, దీన్ని మనం చాలా తేలికగా మరిచిపోతాం. 1978లో మన ఓటరు ఎవరిని ఓడించాడు? రాష్ట్రంలో పాతుకుపోయిన నాయకత్వాన్ని ఓడించాడు. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారు, అఖిల భారత స్థాయిలో పార్టీ అధ్యక్షుడైన కాసు బ్రహ్మానందరెడ్డి గారు, వీరి వెనుక ఉన్న జిల్లా పెద్దలు, పంచాయతీ సమితుల అధ్యక్షులు, వీళ్లంతా ఒకవైపు. ఆ జనవరిలోనే పార్టీని చీల్చుకుని బయటికి వచ్చి, చెయ్యి గుర్తు అనే కొత్త గుర్తును పట్టుకుని వచ్చిన ఇందిరాగాంధీ ఒక్కరూ ఒకవైపు. ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. చేతిలో అధికారం, యంత్రాంగం ఉన్న రెడ్డి కాంగ్రెస్‌కు దక్కినవి 30 స్థానాలు. అంటే ఆనాడు ఢిల్లీ నుంచి వచ్చిన నాయకురాలే, స్థానిక పెత్తందారుల మీద సామాన్యుడికి దొరికిన ఆయుధం. అదే ఓటరు అయిదేళ్లు తిరగకుండానే ఢిల్లీ పెత్తనాన్ని తిరస్కరించాడు. ఒకసారి గల్లీని, ఒకసారి ఢిల్లీని. ఇది చపలత్వం అని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. రెండుసార్లూ ఓటరు అడిగిన ప్రశ్న ఒక్కటే: నేను ఎన్నుకున్నవాడు నాకు జవాబు చెబుతాడా, ఇంకెవరికైనా చెబుతాడా?

ఆ అయిదేళ్లలో ఏం జరిగిందో వరసగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి ఇది పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం. 1978 మార్చిలో మర్రి చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1980 అక్టోబరులో ఆయనను దింపి, కేంద్రంలో కార్మిక శాఖ సహాయ మంత్రిగా ఉన్న టంగుటూరి అంజయ్య గారిని పంపారు. 1982 ఫిబ్రవరిలో ఆయనను దింపి భవనం వెంకట్రామిరెడ్డి గారిని కూర్చోబెట్టారు. ఏడు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో, ఆయనను దింపి కోట్ల విజయభాస్కరరెడ్డి గారిని తెచ్చారు. ఒకే శాసనసభ, నలుగురు ముఖ్యమంత్రులు. ఈ నలుగురిలో ఎవరైనా శాసనసభలో ఓడిపోయి దిగారా? లేదు. సొంత శాసనసభాపక్షంలో ఓటింగు జరిగి దిగారా? అదీ లేదు. దింపినవారు ఢిల్లీలో ఉన్నారు, ఎక్కించినవారూ ఢిల్లీలోనే ఉన్నారు.

దీనికి ఒక పద్ధతి ఉండేది. మీలో పెద్దవాళ్లకు ఆ మాటలు ఇప్పటికీ చెవిలో ఉంటాయి: ఏకవాక్య తీర్మానం, పరిశీలకుడు, సీల్డు కవరు. ఎమ్మెల్యేలు సమావేశమవుతారు. నాయకుణ్ణి ఎంపిక చేసే అధికారాన్ని అధిష్ఠానవర్గానికి అప్పగిస్తున్నాం అని ఒక్క వాక్యం రాసి సంతకాలు చేస్తారు. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశీలకుడు ఒక్కొక్కరి అభిప్రాయం విని వెళతాడు. చివరికి కవరులో ఒక పేరు వస్తుంది. ఆ వాక్యంలో ఉన్న అర్థాన్ని ఒకసారి గమనించండి. నా నియోజకవర్గంలో వేలమంది ఓటర్లు నా మీద పెట్టిన నమ్మకాన్ని, నేను ఒక్క సంతకంతో, వాళ్లు ఎన్నడూ చూడని మనిషికి బదిలీ చేస్తున్నాను అని ఆ వాక్యానికి అర్థం. ఓటరు దీన్ని రాజనీతి శాస్త్రం భాషలో చెప్పలేకపోవచ్చు గానీ, తనకు జరిగింది ఏమిటో అతనికి స్పష్టంగా తెలుసు.

ఎలా తెలుసు? ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పుకుంటాను. మా నాన్నగారు స్వాతంత్ర్యానికి ముందునుంచీ ఖద్దరు కట్టిన మనిషి. మా ఊరి పంటకాలువకు గండి పడినప్పుడు, మరమ్మతు పని మంజూరు చేయించమని అడగడానికి ఎమ్మెల్యే గారి ఇంటికి మూడుసార్లు వెళ్లారు. మొదటిసారి ఆయన హైదరాబాదులో ఉన్నారన్నారు. రెండోసారి ఢిల్లీ వెళ్లారన్నారు. మూడోసారి కూడా ఢిల్లీయే. మా నాన్నగారు తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని, "ఆయన తప్పేం లేదురా, ఆయన పదవి అక్కడ ఉంది, అక్కడే ఉంటాడు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపం కంటే లోతైనది ఉంది. కాలువ గండి పూడ్చినంత మాత్రాన ఆ ఎమ్మెల్యేకు పదవి నిలవదు, ఢిల్లీలో ఒక వర్గం వెంట తిరిగితే నిలుస్తుంది. అటువంటప్పుడు తెలివైన మనిషి ఎవరైనా ఎక్కడ ఉంటాడు?

ఈ అసంతృప్తికి ఒక దృశ్యం దొరికింది బేగంపేట విమానాశ్రయంలో. 1982 ఫిబ్రవరి. రాజీవ్ గాంధీ హైదరాబాదు వచ్చారు, అప్పటికి ఆయన లోక్‌సభ సభ్యుడే గానీ మంత్రి కాదు. అంజయ్య గారు పెద్ద ఎత్తున జనంతో, పూలదండలతో స్వాగతం ఏర్పాటు చేశారు. ఆ ఆర్భాటం మీద రాజీవ్ గాంధీ కోప్పడి, ముఖ్యమంత్రిని అందరి ఎదుటా మందలించారు. ఆ నెలలోనే అంజయ్య గారి పదవి పోయింది. అంజయ్య గారి పాలనలో లోపాలు లేవని నేను చెప్పను, సుమారు 60 మందితో మంత్రివర్గం వేసిన ప్రభుత్వం అది. కానీ కార్మిక సంఘాల నుంచి ఎదిగి వచ్చిన ఒక మనిషిని, ఒక రాష్ట్ర ముఖ్యమంత్రిని, ఇంటిల్లిపాది ముందు పనివాణ్ణి తిట్టినట్టు తిడితే, అది ఆయన ఒక్కడికి తగిలిన దెబ్బగా జనం తీసుకోలేదు. ఆయనకు ఓటు వేయనివాళ్లు కూడా బాధపడ్డారు. ఇది ముఖ్యం, ఈ మాట గుర్తుపెట్టుకోండి: ఆయనకు ఓటు వేయనివాళ్లు కూడా బాధపడ్డారు.

ఆ తరువాత మార్చి 29న ఎన్.టి.రామారావు గారు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఆత్మగౌరవం అనే ఒక్క మాటను పట్టుకుని, చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరిగారు. తొమ్మిది నెలల్లో 200కు పైగా స్థానాలు గెలిచారు. ఆయన సినిమా ఆకర్షణ లేకపోతే ఈ గెలుపు లేదని అంటారు, ఆ ఆకర్షణను ఎవరు కాదంటారు? కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానం వల్ల గెలిచారని అంటారు, అదీ పెద్ద కారణమే. అయితే ఒక్కటి చూడండి. ఎన్నికల ముందు విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం కిలో 1 రూపాయి 90 పైసలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. పది పైసలు తక్కువ. పైగా అది వాగ్దానం కూడా కాదు, చేతికి అందుతున్న బియ్యం. అయినా ఓటరు రెండు రూపాయల మాటనే నమ్మాడు. ఎందుకని? ఈ ముఖ్యమంత్రి ఎన్నికల తరువాత ఉంటాడో ఉండడో అతనికే తెలియదు, ఇక అతని మాటకు హామీ ఎవరు? మాట ఇచ్చినవాడు ఆ కుర్చీలో ఉంటాడన్న నమ్మకం లేనిచోట మంచి పథకానికి కూడా విలువ దక్కదు. అయిదేళ్లు తిరగకుండానే ముగ్గురిని దింపిన అధిష్ఠానం తన ప్రభుత్వం మాటకు తానే విలువ లేకుండా చేసుకుంది.

అది అంతటితో నేర్చుకుందా? 1984 ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నెల రోజుల్లో మళ్లీ ఆయననే ప్రమాణం చేయించవలసి వచ్చింది. ఆ డిసెంబరులో, ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా స్థానాలు ఇచ్చిన ఎన్నికలో, మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 స్థానాలు ఇచ్చింది. ఈ భాగం మీకు తెలిసిందే కనుక ముందుకు వెళతాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అధిష్ఠానవర్గం అనేది ఒకరిద్దరి స్వభావం వల్ల పుట్టిందా? చాలామంది అలాగే చెబుతారు, ఫలానా నాయకురాలు అనుమానస్తురాలు, ఫలానా నాయకుడు అహంకారి అని. నేను మనుషుల స్వభావాల జోలికి పోను. మన ప్రాంతంలోనే, 1951లో ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి ఎన్.జి.రంగా గారికీ నీలం సంజీవరెడ్డి గారికీ పోటీ జరిగింది. ఓట్లు వేశారు, లెక్కపెట్టారు, సంజీవరెడ్డి గారు గెలిచారు. ముఠాలు లేవా? ఉన్నాయి, భయంకరంగా ఉన్నాయి, రంగా గారు పార్టీ విడిచి వెళ్లిపోయారు కూడా. కానీ గెలిచినవాడికి తన బలం కింది నుంచి వచ్చిందని తెలుసు. 1972 తరువాత కాంగ్రెస్ పార్టీలో సంస్థాగత ఎన్నికలు ఆగిపోయాయి. మళ్లీ జరిగింది 1992లో, పి.వి.నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా, తిరుపతిలో ప్లీనరీ, అంటే పార్టీ మహాసభ, జరిగిన నాడు. ఇరవై ఏళ్లు. ఒక తరం కార్యకర్తలు పార్టీలో చేరి, జెండాలు మోసి, ఒక్కసారి కూడా తమ మండల నాయకుణ్ణో జిల్లా నాయకుణ్ణో ఓటు వేసి ఎన్నుకోకుండా ముసలివాళ్లయిపోయారు.

దానికి తోడు ఒక కాగితం ఉంది. దాన్ని మీరందరూ వార్తల్లో విన్నారు: బీ-ఫారం. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం, ఒక పార్టీ గుర్తు మీద పోటీ చేయాలంటే ఆ పార్టీ అధికారమిచ్చిన వ్యక్తి సంతకంతో ఆ ఫారం ఎన్నికల అధికారికి అందాలి. ఆ సంతకం ఎవరిదో వారిదే పార్టీ. నియోజకవర్గంలో వెయ్యిమంది కార్యకర్తలు ఒక పేరు చెప్పినా, ఆ ఒక్క సంతకం ఇంకో పేరు మీద పడితే వాళ్లు చేయగలిగింది లేదు. గెలిచిన తరువాత? 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను, అంటే సభలో ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ఆ చట్టం ఒక మంచి ఉద్దేశంతో వచ్చింది, రాత్రికి రాత్రి పార్టీలు మారేవాళ్లను ఆపడానికి వచ్చింది, నేను దాన్ని తప్పుపట్టను. కానీ దాని ఫలితంగా ఎమ్మెల్యే టికెట్టుకు ముందూ అధిష్ఠానం చేతిలోనే, గెలిచిన తరువాతా అధిష్ఠానం చేతిలోనే. మధ్యలో పోలింగు రోజు ఒక్కటే ఓటరు చేతిలో ఉంది. ఓటరు ఆ ఒక్క రోజును అంత గట్టిగా వాడుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మళ్లీ అంకెల దగ్గరికి వస్తాను. 1989లో కాంగ్రెస్ తిరిగి వచ్చింది, 181 స్థానాలు, 47 శాతం ఓట్లు. ఎంత పెద్ద అవకాశం! ఏం చేశారు? చెన్నారెడ్డి గారు ఏడాది, నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు రెండేళ్లకు లోపు, ఆ తరువాత మళ్లీ విజయభాస్కరరెడ్డి గారు. అయిదేళ్లలో ముగ్గురు. 1994లో కాంగ్రెస్‌కు దక్కినవి 26 స్థానాలు. ఈసారి ఓటు శాతం ఎంతో చెప్పగలరా? సుమారు 34. అవును, 1983లో వచ్చిన ఆ 34 శాతమే. పదకొండేళ్ల తేడాతో, రెండుసార్లూ విజయభాస్కరరెడ్డి గారే ముఖ్యమంత్రిగా ఉండగా, వేర్వేరు ప్రధానుల కింద, రెండు ఘోర పరాజయాల్లోనూ అదే 34.

నేను ఈ అంకె మీద చాలాకాలం ఆలోచించాను. నా అభిప్రాయం ఇది. ప్రతి పాత పార్టీకి ఒక పునాది ఓటు ఉంటుంది. ఆ ఓటరు పార్టీని ఇంటి పేరులా మోస్తాడు. మా నాన్నగారు ఆ నూటికి 34 మందిలో ఒకరు. 1983లో మా అన్నయ్య సైకిల్‌కు వేశాడు, నాన్నగారు చెయ్యి గుర్తుకే వేశారు. వీళ్లు మన వాళ్లు కారని తెలిసి, పార్టీ మాత్రం మనదేనని వేశారు. ఆయన అసంతృప్తి మా అన్నయ్య అసంతృప్తి కంటే తక్కువదని నేను ఎన్నడూ అనుకోలేదు. పార్టీ పెద్దలు చేసే అతి పెద్ద తప్పు ఇక్కడే ఉంది. వదిలిపోయిన ఓటరును అసంతృప్తుడిగా లెక్కపెడతారు, మిగిలిన ఓటరును సంతృప్తుడిగా లెక్కపెడతారు. మిగిలినవాడు సంతృప్తితో మిగల్లేదు. వెళ్లడానికి తనది అనిపించే ఇంకో ఇల్లు లేక మిగిలాడు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2004లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. అదే కాంగ్రెస్, అదే ఢిల్లీ. కానీ ఆ అయిదేళ్లలో ఢిల్లీ ఆయనను మార్చలేదు. 2009లో ఓటరు 156 స్థానాలతో మళ్లీ అదే ప్రభుత్వాన్ని తెచ్చాడు. ప్రజారాజ్యం అనే కొత్త పార్టీ రావడంతో ఓట్లు మూడు ముక్కలు కావడం కూడా అందుకు తోడ్పడింది, దాన్ని దాచకూడదు. అయినా మాట ఇచ్చినవాడు కుర్చీలో ఉన్నాడు, మంచికీ చెడుకీ జనం నిలదీయడానికి ఒక ముఖం ఉంది.

2009 సెప్టెంబరు 2న ఆయన హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఆ తరువాత రోశయ్య గారు, 2010 నవంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి గారు. మళ్లీ అదే పద్ధతి, మళ్లీ అదే కవరు. ఇక్కడ ఒక సాధారణ అభిప్రాయాన్ని సవరించాలి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోవడానికి రాష్ట్ర విభజన ఒక్కటే కారణమని అందరూ అంటారు. విభజన బలమైన కారణం, దాన్ని ఎవరూ తగ్గించి చెప్పలేరు. కానీ 2012 జూన్‌లో 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. అప్పటికి విభజన నిర్ణయం రాలేదు. ఆ 18లో 15 స్థానాలు, పుట్టి ఏడాది దాటిన వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. అధికారంలో ఉన్న కాంగ్రెస్‌కు దక్కినవి రెండు. అంటే విభజనకు రెండేళ్ల ముందే పునాది కదిలిపోయింది. ఎందుకు? ఈసారి ఆ 34 మందికి ఇంకో ఇల్లు దొరికింది. పేరులో కాంగ్రెస్ ఉంది, రాజశేఖరరెడ్డి గారి బొమ్మ ఉంది, మనది అనిపించేవన్నీ ఉన్నాయి, ఢిల్లీ ఒక్కటే లేదు. 2014లో విభజన తరువాత మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలకు గాను కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. ఓట్లు నూటికి మూడు కూడా రాలేదు. మొత్తం రాష్ట్రపు 34తో 13 జిల్లాల ఆ మూడును సరిపోల్చడంలో కొంత ఇబ్బంది ఉందని నాకు తెలుసు. అయినా ఆ పతనం ఎంతటిదో మీకు అర్థమవుతుంది. మా నాన్నగారు అప్పటికి లేరు. ఉంటే ఏం చేసేవారో నేను ఊహించలేను, ఊహించి ఆయన నోట మాట పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇది ఒక్క పార్టీకి సంబంధించిన జబ్బు అనుకుని ఇళ్లకు వెళ్లకండి. ఢిల్లీ అధిష్ఠానాన్ని తిరస్కరించి పుట్టిన ప్రాంతీయ పార్టీల్లో అధిష్ఠానం ఢిల్లీ నుంచి హైదరాబాదుకో, అమరావతికో, ఒక ఇంటికో మారింది. బీ-ఫారం మీద సంతకం ఇప్పుడు కూడా ఒక్కరిదే. 2022లో ఒక పార్టీ ప్లీనరీ తన నాయకుణ్ణి శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. పార్టీల నమోదుకు 1989 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ సెక్షను ఉంది. రాజ్యాంగానికి విధేయులమని, ప్రజాస్వామ్య సూత్రాలకు కట్టుబడతామని పార్టీలు అందులో రాసి ఇవ్వాలి. రాసి ఇస్తాయి కూడా. రాసి ఇచ్చిన పార్టీ తన లోపల నిజమైన ఎన్నికలు జరపకపోతే దాని నమోదును రద్దు చేసే స్పష్టమైన అధికారం మాత్రం ఎన్నికల సంఘానికి ఆ చట్టంలో లేదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టం కావాలని సిఫారసు చేసింది. ఆ చట్టం చేయవలసినవాళ్లు బీ-ఫారం మీద సంతకంతో సభకు వచ్చినవాళ్లు. అందుకే నేను చట్టం కోసం ఎదురుచూడమని చెప్పను. పార్టీ సభ్యత్వం ఉన్నవాళ్లు ఈ హాలులో కనీసం ఇరవై మంది ఉంటారు. మీ మండల అధ్యక్షుడి ఎన్నికకు ఓటర్ల జాబితా ఎక్కడ ఉంది, నామినేషన్ల గడువు ఏ రోజు అని రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు. మండలానికి వందమంది అడిగితే పక్కన పెట్టడం కష్టం.

సమయం మించింది, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఇందాక నేను 1994 అనగానే ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. 1995 ఆగస్టు గురించి అడగబోతోందని అనుకుంటున్నాను. రామారావు గారి పేరు మీద 216 స్థానాలు గెలిచిన ఎమ్మెల్యేలే తొమ్మిది నెలల్లో ఆయనను దింపితే ఓటరు ఎందుకు ఊరుకున్నాడు అనేది నేను ఇప్పటిదాకా చెప్పినదానికి నిజంగా ఎదురు ప్రశ్న. మైకు ఆమెకు ఇవ్వండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.